జాబితాలో అన్నయ్య పేరు

మాంట్రియల్,
ఏప్రిల్ 14

అన్నయ్యా,

నీతో ఫోనులో మాట్లాడడం మానేసి మూడేళ్ళయింది. నేను ఆరోగ్యం అడిగితే నువ్వు వాన గురించి చెబుతావు, నేను అరిస్తే పక్కింటివాళ్ళు గోడ కొడతారు. అందుకే ఈ కాగితం. చెవులు పోయినా నీ కళ్ళు బాగానే ఉన్నాయి కదా.

ఇక్కడ మంచు కరిగింది. కరిగాక కింద ఏముంటాయో తెలుసుగా, గుంతలు, వాటి చుట్టూ నారింజరంగు కోన్లు. సేంట్ కేథరిన్ వీధిని మళ్ళీ తవ్వేశారు. ఆగస్టులో ప్రైడ్ ఊరేగింపు వారానికి నేను అద్దెకిచ్చే మూడు గదులూ అప్పుడే నిండిపోయాయి. టెక్సస్ నుంచి ఒక జంట, లియాన్ నుంచి ఒక జంట, హాంబర్గ్ నుంచి ఒక ఒంటరి పక్షి. టెక్సస్ ఆయన రాశాడు కదా, "మీ గే వీధి ఇంకా అసలు సిసలుగానే ఉందా?" అని. ఏం చెప్పను? నేను కాళ్ళరిగేలా డాన్సు చేసిన బార్‌లో ఇప్పుడు ఫ్లాట్లు అమ్మే ఆఫీసుంది.

అసలు నా ఒళ్ళు మండిన సంగతి వేరు. మా వీధిలో జ్ఞాపకాల సంఘం అని ఒకటి పుట్టింది. అందరూ పాతికేళ్ళవాళ్ళే. డెబ్భై ఆరులో ఒలింపిక్స్‌కి ముందు నగరం శుభ్రం చేస్తామని పోలీసులు మా బార్ల మీద పడ్డారు చూడు, అప్పుడు పట్టుబడ్డవాళ్ళని ఈసారి ఊరేగింపులో ముందు వరసలో నడిపిస్తారట. ఒక్కొక్కరి పేరూ మైకులో చదువుతారు. బతికున్నవాడు "ఉన్నాను" అనాలి. పోయినవాడైతే జనమంతా "ఉన్నాడు" అనాలి. తర్వాత ఒక నిమిషం మౌనం.

సంతోషంగా వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాను. కొరాలీ అనే అమ్మాయి అక్కడ పెత్తనం చేస్తోంది. కోర్టు నుంచి తెచ్చిన జాబితా తిప్పి చూసి, "సారీ, జెర్వే గారూ, ఇందులో మీ పేరు లేదు" అంది. నేను ఆ బార్ నుంచి పోలీసు వ్యానులోకి చొక్కా లేకుండా ఎక్కానమ్మా అన్నాను. "ఉండొచ్చు, కానీ కాగితంలో లేరు కదా!" ఆ పిల్ల పుట్టక ముందు నుంచి నేను ప్రతి ఊరేగింపులోనూ నడుస్తున్నాను. మొదట్లో మేం నలభైమందిమి, మమ్మల్ని చూడ్డానికి వచ్చిన పోలీసులు అరవైమంది. ఇప్పుడు నన్ను బ్యాంకువాళ్ళ బండి వెనక నడవమంటోంది.

పోనీలే. ఒక్క మాట. ఆ సంఘం నుంచి నీకేదైనా ఉత్తరం వస్తే విప్పకుండా చింపేయ్. ఏదో చందాల గోల. ఊళ్ళో ఎవరికీ చూపించకు.

నీ తమ్ముడు,
జెర్వే

*

సేన్-జోర్జ్, బోస్,
ఏప్రిల్ 27

ఒరేయ్ జెర్వే,

గుమ్మడికాయల దొంగ ఎవడంటే భుజాలు తడుముకున్నాడట. నువ్వు చింపమన్న ఉత్తరం నీ ఉత్తరం కంటే రెండు రోజుల ముందే వచ్చింది. విప్పాను, చదివాను, ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాను.

ఇక్కడ మేపుల్ చెట్ల పాకం కాయడం అయిపోయింది. ఈసారి మన అడవిలో పాకం నల్లగా వచ్చింది. మోకాలు నొప్పి. చెప్పేశాను, ఇక వానగోల లేదు.

ఆ ఉత్తరంలో ఏముందో రాస్తాను, విను. "గౌరవనీయులైన రోసేర్ ట్యుర్కాట్ గారికి, మీ శ్రీమతి మరణ ప్రకటనలో మీ ఊరి పేరు చూసి ఈ చిరునామా సంపాదించాం, క్షమించండి. డెబ్భై ఆరులో మీరు అనుభవించిన అన్యాయానికి మా తరం తలవంచుతోంది. ఆగస్టు పదకొండున మీరు ముందు వరసలో నడిస్తే మాకు గర్వకారణం. హోటల్ గది మేమే ఏర్పాటు చేస్తాం. మీ మనసుకు దగ్గరైన వ్యక్తిని వెంట తెచ్చుకోవచ్చు."

హ్యుగెట్ చావు కబురులోంచి నా చిరునామా తీశారు. అది నాకు నచ్చలేదు.

నేను డెబ్భై ఆరులో ఏ అన్యాయం అనుభవించానురా? ఆ ఏడు మొత్తం కలప లారీ తోలాను. మాంట్రియల్ వచ్చింది ఒక్కసారి, అదీ పన్ను పీకించుకోడానికి. నన్నెందుకు పిలుస్తున్నారో నీకేమైనా తెలుసా? తెలిస్తే చెప్పు. తెలియకపోతే తెలియదని చెప్పు.

రోసేర్

*

మాంట్రియల్,
మే 9

అన్నయ్యా,

చందాలవాళ్ళు కాదన్నమాట, నేనే పొరబడ్డాను.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. అది టైపు మిషన్ల కాలం. కోర్టులో గుమాస్తా రోజుకు వందమంది పేర్లు కొట్టేవాడు. పోలీసులు నా జేబులు వెతికినప్పుడు నువ్వు రాసిన ఉత్తరమేదో దొరికుంటుంది, కవరు వెనక నీ పేరు చూసి అదే ఎక్కించుంటారు. జెర్వేకి బదులు రోసేర్. ఇంటిపేరు ఒకటే కదా. అంతే. ఈ దేశంలో ఏ కాగితం సరిగ్గా ఉంది కనుక? నా పింఛను కాగితంలో నేను ఇప్పటికీ ఆడమనిషినే. మూడుసార్లు రాశాను, మూడుసార్లూ "శ్రీమతి గారూ, మీ విన్నపం అందింది" అని జవాబొచ్చింది.

నేను వెళ్ళి సరిచేయిస్తాను. నువ్వు జవాబివ్వకు. ఆ ఉత్తరం ఫ్రిజ్ మీద నుంచి తీసెయ్. నీ ఇంటికి ఫాదర్ గారొస్తారు, పక్కింటి లూసియెన్ వస్తాడు. చూస్తే ఏమనుకుంటారు?

ఇక్కడ తవ్వకం ఇంకా అవలేదు. హాంబర్గ్ ఆయన గదిలోకి దుమ్ము రాకూడదట, కిటికీ మాత్రం తెరిచి పడుకుంటాడట. వీళ్ళకి నేనేం మంత్రం వేయాలి? ఊరేగింపు దారిలో ముందు చోటు కోసం మూడు కంపెనీలు కొట్టుకుంటున్నాయి. ఒకటి బీరు, ఒకటి ఫోన్లు, ఒకటి షాంపూ. మేం దెబ్బలు తిన్నది షాంపూ కోసమా అన్నయ్యా?

జెర్వే

*

సేన్-జోర్జ్, బోస్,
మే 20

జెర్వే,

గుమాస్తా అట, టైపు మిషనట. ఏడిశావులే.

నేను నీకు జన్మలో ఉత్తరం రాసింది ఈ నెల రోజుల నుంచే. అంతకు ముందు రాసేవన్నీ హ్యుగెట్ రాసేది, కవరు మీద తన పేరే ఉండేది. అబద్ధమాడేవాడికి కాస్త జ్ఞాపకం ఉండాలి.

ఇప్పుడు నేను చెబుతాను, నువ్వు చదువు. డెబ్భై తొమ్మిది, ఫిబ్రవరి. పదేళ్ళుగా వారానికి మూడుసార్లు మెయిన్ రాష్ట్రానికి కలప తోలుతున్నాను. అమెరికా గేటు దగ్గర అందరూ తెలిసినవాళ్ళే. ఆ రోజు కొత్తవాడెవడో ఉన్నాడు. నా కాగితాలు తీసుకుని లోపలికెళ్ళి అరగంట రాలేదు. వచ్చి ఏదో ఇంగ్లీషులో అన్నాడు. నాకు అర్థం కాలేదు. నా వెనక లారీలో మన లూసియెన్. వాడికి ఇంగ్లీషు వచ్చు. దిగొచ్చి విన్నాడు. విని నావైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"ఏమంటున్నాడ్రా?" అన్నాను.

"నీకు లోపలికి ప్రవేశం లేదట."

"ఎందుకట?"

"మాంట్రియల్‌లో మగాళ్ళ కొంపలో నిన్ను పోలీసులు పట్టుకున్నారట. పేరూ, పుట్టిన తేదీ, అన్నీ ఉన్నాయట. అలాంటివాళ్ళని అమెరికాలోకి రానివ్వరట." తర్వాత గొంతు తగ్గించి, "నాతో చెప్పొద్దులే, రోసేర్. అది నీ సొంత గొడవ" అన్నాడు.

లారీ వెనక్కి తిప్పాను. కంపెనీ నా దారి లూసియెన్‌కి ఇచ్చింది. నన్ను రంపపు మిల్లు యార్డులో పలకలు పేర్చమన్నారు. పింఛను వచ్చేదాకా పలకలే పేర్చాను. వాడు ఎవరికీ చెప్పనన్నాడు, నెల తిరక్కుండా ఊరంతా తెలిసిపోయింది. పిల్లల మంచు హాకీ జట్టుకి నేను ఆట నేర్పేవాణ్ణి, గుర్తుందా? స్కేట్ల గది తాళం ఇచ్చెయ్యమన్నారు. "నీ మీద మాకేం అనుమానం లేదు, రోసేర్, కానీ తల్లులు గొడవ చేస్తున్నారు." మిల్లులో నన్ను "మాంట్రియల్ దొరసాని" అనేవాళ్ళు. నా ముందే అనేవాళ్ళు. మాకు పిల్లలు పుట్టలేదు కదా, అదీ సాక్ష్యమైంది.

ఎవరి పని అన్నది నాకు గేటు దగ్గరే తెలిసింది. నా పుట్టినరోజు తడుముకోకుండా చెప్పగలవాళ్ళు ఈ లోకంలో ముగ్గురు. అమ్మ, హ్యుగెట్, నువ్వు. అమ్మా హ్యుగెట్టూ బార్లకి వెళ్ళరు.

నలభై అయిదేళ్ళు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నావు. నీ అంతట నువ్వే చెబుతావని చూశాను. మొన్న అడిగాను కూడా. నువ్వు నాకు గుమాస్తా కథ రాశావు.

రోసేర్

*

మాంట్రియల్,
జూన్ 3

అన్నయ్యా,

నీ ఉత్తరం మూడు రోజులు చేతిలో పట్టుకు తిరిగాను. ఏం రాయను? కొట్టాల్సింది ఎదురుగా ఉన్నప్పుడే కొట్టాలి, నువ్వు అంత దూరం నుంచి కొట్టావు, తగిలింది.

నిజం రాస్తాను. ఆ రోజుల్లో బార్‌కి వెళ్ళే ప్రతివాడూ ఒక పేరు సిద్ధంగా పెట్టుకునేవాడు. పట్టుబడితే చెప్పడానికి. కల్పించిన పేరు పనికిరాదు. పోలీసులు పుట్టిన తేదీ మూడుసార్లు అడుగుతారు, మధ్యలో ఇంకేదో అడిగి మళ్ళీ అడుగుతారు. అబద్ధపు తేదీ రెండోసారికే తప్పిపోతుంది, అప్పుడు దెబ్బలు. అందుకని నాలుక తడబడని తేదీ కావాలి. ఒకడు బావమరిదిది చెప్పేవాడు. ఇంకొకడు పోయిన అన్నది చెప్పేవాడు. నేను నీది పెట్టుకున్నాను. 1948 మార్చి 3. చిన్నప్పుడు ఆ రోజు అమ్మ చేసే మేపుల్ కేకు నాకెంతో ఇష్టం, నా పుట్టినరోజు కంటే నీదే నాకు బాగా గుర్తుండేది.

అప్పుడు నేను మునిసిపల్ లైబ్రరీలో పని చేస్తున్నాను. పేర్లు పేపర్లో వేస్తారని, వేస్తే ఉద్యోగం ఊడుతుందని, పేపరు నాన్న చూస్తాడని భయం. నువ్వు బోస్‌లో లారీ తోలుకుంటున్నావు, నీకేమవుతుందిలే అనుకున్నాను. జడ్జి జరిమానా వేశాడు, కట్టేశాను, అక్కడితో అయిపోయిందనుకున్నాను. నీ లారీ పని ఎందుకు పోయింది అని నేనెప్పుడూ అడగలేదు. నడుం నొప్పని వదిన రాసింది. నమ్మేశాను. నమ్మితే హాయిగా ఉంటుంది కదా.

నలభై ఊరేగింపుల్లో నడిచాను, అన్నయ్యా. చేతిలో "మాకు సిగ్గు లేదు" అని రాసిన అట్ట. పేపర్లో నా ఫోటో కూడా పడింది. ధైర్యవంతుడనేవాళ్ళు. ఆ అట్ట పట్టుకున్నప్పుడల్లా ఇక్కడ ఒకడు తన పేరు చెప్పుకోలేదని తెలుసు, కానీ తెలియనట్టు నడిచాను. ఇప్పుడు సిగ్గేస్తోంది. బాగా సిగ్గేస్తోంది.

ఒక్కటి అడుగుతాను. నాన్నతో ఎందుకు చెప్పలేదు? వదినతో ఎందుకు చెప్పలేదు? నన్ను ఒక్క మాట ఎందుకు తిట్టలేదు? నేనిప్పుడేం చెయ్యాలో చెప్పు, చేస్తాను.

జెర్వే

*

సేన్-జోర్జ్, బోస్,
జూన్ 19

జెర్వే,

నాన్న సంగతి నీకు తెలియదా? చెప్పుంటే నీ ఫోటోలన్నీ పొయ్యిలో పెట్టి, అమ్మని నీ పేరు పలకనిచ్చేవాడు కాదు. అమ్మకి నువ్వంటే ప్రాణం. నా సంగతి చూస్తే, నాన్నకి ఎటూ చెవిన పడింది. ఆయన నన్ను అడగలేదు. ఆదివారం భోజనాల్లో నా పక్క కుర్చీలో కూర్చోవడం మానేశాడు, అంతే.

తొంభై ఒకటిలో ఆయన పోయాక చెప్పొచ్చు కదా అంటావు. అప్పటికి పన్నెండేళ్ళయింది. పన్నెండేళ్ళు మోసినవాడివి ఇప్పుడెందుకు దించావని ఊరు అడుగుతుంది. పైగా నువ్వు చెబుతావని చూస్తున్నాను. చెప్పాను కదా.

హ్యుగెట్ గురించి అడిగావు. ఇది రాయడానికి రెండు కాగితాలు చింపాను.

లూసియెన్ పెళ్ళాం ద్వారా ఆమెకి తెలిసింది. ఒక్కసారి అడిగింది. "నువ్వు వెళ్ళావా?" అంది. "లేదు" అన్నాను. "మరి వాళ్ళ దగ్గర నీ పేరు ఎందుకుంది?" అంది. నీ పేరు చెప్పాలి. చెబితే మన అన్నాదమ్ములం విడిపోతాం, ఆమె నోరు ఆగే రకం కాదు. "తెలియదు" అన్నాను. ఆమె ఇంకేం అడగలేదు. వెళ్ళిపోతుందనుకున్నాను, వెళ్ళలేదు. ఆ తర్వాత నా మీద ఇంకా దయగా ఉండేది. నాకు ఆ దయ చూస్తే ఒళ్ళు మండేది రా! ఏ తప్పూ చేయనివాణ్ణి క్షమిస్తూ బతికింది.

తొంభై మూడులో నువ్వు మా ఇంటికొచ్చి నీ సంగతి చెప్పినప్పుడు ఏమంది? నిన్ను కావలించుకుని, "నాకివన్నీ అలవాటే నాన్నా, ఈ ఇంట్లో నీకేం భయం లేదు" అంది. ఎంత మంచి వదిన అని మురిసిపోయావు. ఏది అలవాటు ఆమెకి? ఎప్పుడైనా ఆలోచించావా?

పోయే ముందు ఆసుపత్రిలో చెప్పాను. "హ్యుగెట్, నేనెప్పుడూ ఆ చోటికి వెళ్ళలేదు" అన్నాను. నా చేతి మీద తట్టింది, పోనీలే అన్నట్టు. నమ్మలేదు. అలాగే పోయింది.

ఏం చెయ్యాలన్నావు. ఆ జాబితాలో నా పేరు తీయించు. నడివీధిలో మైకులో నా పేరు చదవకూడదు. ఆ పేరు చెప్పింది నేనేనని, అది మా అన్నదని, వాడు ఆ రోజు అక్కడ లేడని అందరి ముందూ చెప్పు. నలభై ఎనిమిదేళ్ళ కిందట పోలీసులకి చెప్పలేకపోయావు, మీవాళ్ళకి చెప్పు. ఆగస్టు పదకొండు లోపల. ఇంకేమీ వద్దు నాకు.

రోసేర్

*

మాంట్రియల్,
జూలై 12

అన్నయ్యా,

జవాబు ఆలస్యమైంది. ఉత్తరం చదివి నేను మంచం మీద నుంచి లేవలేదు. వదిన చెయ్యి తట్టిన చోటు మళ్ళీ మళ్ళీ చదివాను. క్షమించమని అడగను, అడిగే హక్కు లేదు.

సంఘానికి నాలుగుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఆఫీసు మూసుంది, శుక్రవారం వాళ్ళకి "విశ్రాంతి దినం" అట. రెండోసారి కొరాలీ మీటింగులో ఉంది. మూడోసారి ఫారం నింపమన్నారు. అందులో నా గుర్తింపు ఏమిటి, నన్ను ఏ సర్వనామంతో పిలవాలి, నాకు ఏ తిండి పడదు, అన్నీ ఉన్నాయి. "నేనొక అబద్ధం చెప్పాను, సరిదిద్దండి" అనడానికి మాత్రం గడి లేదు! నాలుగోసారి కొరాలీ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. అట్టలన్నీ అచ్చయిపోయాయట. జాబితా కోర్టు దస్తావేజట, అందులో ఒక్క అక్షరం మార్చినా చరిత్రని మార్చినట్టేనట. అక్టోబరులో "అనుభవాల సమావేశం" ఉందట, అక్కడ నా మాట పంచుకోవచ్చట. అక్టోబరు! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. నీ చెవుల మీద కాదులే.

పిచ్చికోపం వచ్చింది. బల్ల మీద చేత్తో గట్టిగా కొట్టాను, కాఫీ ఒలికింది, ఆ పిల్ల బెదిరింది. పాపం దాని తప్పేముంది? తప్పు చేసినవాణ్ణి నేను, అరిచేది వాళ్ళ మీద.

చివరికి ఒకటి ఒప్పుకున్నారు. ఊరేగింపులో నేనూ ముందు వరసలో ఉంటాను, ఒక ముసలాయన చక్రాల కుర్చీ తోస్తూ. నీ పేరు చదివినప్పుడు మైకు నాకిస్తారు. అప్పుడు చెబుతాను, అన్నయ్యా. నోట్లో మాట తయారుగా ఉంది. "ఈ పేరు మా అన్నయ్యది. ఆయన ఇక్కడికి ఎప్పుడూ రాలేదు. ఆ పేరు చెప్పింది నేను." మూడు వాక్యాలు. అద్దం ముందు రోజూ అనుకుంటున్నాను.

నా మీద ఈ ఒక్కసారి నమ్మకం ఉంచు.

జెర్వే

*

మాంట్రియల్,
ఆగస్టు 11, సాయంత్రం

అన్నయ్యా,

చెప్పలేదు.

ఇంట్లో అతిథులు పాటలు పెట్టుకుని గెంతుతున్నారు. టెక్సస్ ఆయన ఒళ్ళంతా మెరుపుపొడి. నేను వంటింట్లో తలుపేసుకుని ఇది రాస్తున్నాను. ఆలస్యం చేస్తే మళ్ళీ ఏదో కథ అల్లుతాను, నా సంగతి నాకు తెలుసు.

కిందటి ఉత్తరంలో నేను నీకో సగం దాచాను. ఆ రోజు కొరాలీకి నేను నిజం చెప్పలేదు. "రోసేర్ మా అన్నయ్య, పెద్దవాడయ్యాడు, రాలేడు" అని మాత్రం అన్నాను. మిగతాది నోట్లోంచి రాలేదు. ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. "అన్నాదమ్ములిద్దరూనా! అయితే ఆయన తరఫున మీరే జవాబు చెప్పండి, ఎంత బాగుంటుంది" అంది. మైకు నాకు దొరికింది అలా. మైకు చేతికొచ్చాక అసలు మాట చెబుతాను కదా, అప్పటిదాకా ఆ పిల్ల ఏమనుకుంటే ఏం అనుకున్నాను.

ఎండ మండిపోతోంది. జనం రోడ్డుకి రెండువైపులా నేల కనిపించనంత. పేర్లు చదివారు. చాలామంది పోయారు, అన్నయ్యా. ఒక్కో పేరుకీ జనం "ఉన్నాడు" అంటుంటే నేనూ వాళ్ళతో పాటు అన్నాను. వాళ్ళలో సగంమంది నాకు తెలుసు. కొందరికి నేను చివరిరోజుల్లో అన్నం తినిపించాను. తర్వాత "రోసేర్ ట్యుర్కాట్" అన్నారు. కొరాలీ పరుగెత్తుకొచ్చి మైకు నా మూతి దగ్గర పెట్టింది. అందరూ నన్నే చూస్తున్నారు. మూడు వాక్యాలు, అంతే కదా.

"ఉన్నాను" అన్నాను.

చప్పట్లు! ఎవరో ఏడ్చారు. ఎవరో నా చేతిలో పొద్దుతిరుగుడు పువ్వు పెట్టారు. అన్న కోసం నిలబడ్డ తమ్ముడు అని పక్కవాళ్ళతో చెప్పుకుంటున్నారు. డెబ్భై ఆరులో పోలీసు బల్ల ముందు ఏం చేశానో ఇవాళా అదే చేశాను. అప్పుడు దెబ్బలకి భయపడ్డాను అనుకోవచ్చు. ఇవాళ నన్ను కొట్టేవాడెవడు? అందరూ ప్రేమగా చూస్తున్నారు, ఆ చూపు పోతుందని భయపడ్డాను. ఆ పువ్వు చెత్తబుట్టలో పడేశాను.

రేపు పొద్దున్నే వెళ్ళి రాసిచ్చేస్తాను. సంతకం పెట్టి. నీ పేరు కొట్టేసి నాది వేసేదాకా ఆ ఆఫీసు గుమ్మంలోంచి కదలను. నువ్వు నమ్మవని తెలుసు.

జెర్వే

*

సేన్-జోర్జ్, బోస్,
ఆగస్టు 17

ఒరేయ్,

నువ్వు చెప్పలేదని నాకు నీ ఉత్తరం రాకముందే తెలుసు. నేను అక్కడే ఉన్నాను.

శనివారం పికప్‌లో బయలుదేరి నదికి ఇవతల లోంగ్యోయ్‌లో మోటెల్‌లో దిగి, పొద్దున మెట్రో ఎక్కి వచ్చాను. నీతో చెప్పలేదు. నువ్వు చెబుతావా చెప్పవా అన్నది నా చెవులతో వినాలనుకున్నాను. రెండు చెవి మిషన్లూ పెట్టుకున్నాను, కొత్త బ్యాటరీలు వేసి. మందుల షాపు ముందు నీడలో నిలబడ్డాను. నువ్వు కుర్చీ తోసుకుంటూ వస్తుంటే చూశాను. చిక్కిపోయావు. ఆ ఎర్ర టోపీ నీకు బాగోలేదు.

స్తంభాల మీద లౌడ్ స్పీకర్లున్నాయి. పేర్లు వినబడ్డాయి. నా పేరు వచ్చింది. ఎవడి పేరు వాడికి వినబడితే ఏం చేస్తాడురా? బడిలో అలవాటు. నువ్వు నోరు తెరవక ముందే నా చెయ్యి పైకి లేచింది. "ఉన్నాను" అనేశాను. తర్వాత స్పీకరులోంచి నీ గొంతు వచ్చింది, అదే మాట. ఒక్క పేరుకి ఇద్దరం పలికాం, ఎవరూ పట్టించుకోలేదు.

ఒక్కరు పట్టించుకున్నారు. నా పక్కన ఒకామె ఉంది. యాభై అయిదుంటాయి. ముఖానికి రంగులు, పక్కన వాళ్ళావిడ. ఆమె నావైపు తిరిగి, "మీరేనా?" అంది.

"నేనే. నా పేరే అది" అన్నాను.

నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "మీరంతా పడ్డారు కాబట్టి మేమిద్దరం ఇవాళ ఇలా నిలబడ్డాం. చాలా థాంక్స్ అండీ" అంది. వాళ్ళావిడ నాకు తాగడానికి నీళ్ళిచ్చింది. ఒక నిమిషం మౌనం అన్నారు. ఆమె నా చెయ్యి వదల్లేదు. కాదమ్మా, నేను కాదు అని చెప్పాలి. నోరు రాలేదు. నీ జబ్బు నాకూ అంటుకుందేమో.

జెర్వే, ఈ పేరుకి నలభై అయిదేళ్ళుగా నాకు అందినవి చెప్పాను కదా. లారీ పోయింది, హాకీ పిల్లలు పోయారు, నాన్న పక్క కుర్చీ పోయింది, హ్యుగెట్ నన్ను నమ్మకుండానే పోయింది. ఒక్కడంటే ఒక్కడు నాకు ఇందుకు థాంక్స్ చెప్పలేదు. మొన్న ఆమె చెప్పింది. నేను పికప్‌లో కూర్చుని, లోంగ్యోయ్ దాటాక, రోడ్డు పక్కన ఆపుకుని ఏడ్చాను. ముసలి వెధవని, చూసేవాళ్ళు నవ్విపోతారు.

నీ మీద కోపం తగ్గలేదు. తగ్గుతుందనీ అనుకోను. సెప్టెంబరు ఎనిమిదిన హ్యుగెట్ ఆత్మశాంతికి చర్చిలో మాస్ ప్రార్థన చెప్పిస్తున్నాను. రా. మాస్ అయ్యాక మెట్ల మీద లూసియెన్ ఉంటాడు, వాళ్ళావిడ ఉంటుంది, మిల్లువాళ్ళు ఉంటారు. నీ మూడు వాక్యాలు అక్కడ చెప్పు, మైకు లేకుండా. అవి వినాల్సిన ఊరు ఇది.

మాంట్రియల్‌లో ఆ జాబితా జోలికి మాత్రం వెళ్ళకు. ఇప్పటికే కాగితం రాసిచ్చుంటే తిరిగి తెచ్చుకో. నా పేరు కొట్టేయడానికి నువ్వెవడివి? నువ్వు జరిమానా కట్టి ఇంటికెళ్ళిపోయావు. మిగతాదంతా కట్టినవాణ్ణి నేను. ఆ వరసలో ఆ చోటు నాది. నీ పేరు ఎక్కించుకోవాలంటే కింద చోటుంది, వెళ్ళి అడుగు.

రోసేర్ ట్యుర్కాట్